దీనమ్మకు పదమూడు మార్కులు

నేను లెక్కల మాస్టారిని. ముప్ఫై నాలుగు మార్కులు తెచ్చుకున్న పిల్లాడికి ఇంకొకటి కలిపి గట్టెక్కించిన పాపం పాతికేళ్ళ సర్వీసులో ఒక్కసారీ చెయ్యలేదు. నా చేతిలో ఫెయిలైనవాళ్ళు యానాంలో ఆటోలు నడుపుతున్నారు, కొట్లు పెట్టుకున్నారు, ఎదురుపడితే నమస్కారం పెడుతున్నారు. వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు. ఫ్రాన్సిస్ మాస్టారు సొంత తల్లికైనా అర మార్కు కలపడు అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల సంతోషంగానే ఉండేది.

రెండువేల మూడు అక్టోబరులో పేదల సర్వే అన్నారు. పేదలకిచ్చే ఎర్ర రేషను కార్డులు మరీ ఎక్కువైపోయాయట, ఎవరు నిజంగా పేదవాళ్ళో మళ్ళీ మొదటినుంచీ తేల్చాలట. ఇలాంటి పనులకు ఎప్పుడూ దొరికేది బడిపంతుళ్ళే కదా. మమ్మల్నందరినీ ఆఫీసు మేడ మీద కూర్చోబెట్టి, వెంకటేశ్వరరావు అనే అధికారి పాఠం చెప్పాడు. ఇంటికి పది ప్రశ్నలు. భూమి ఉందా, ఇల్లెలాంటిది, ఎన్ని పూటలు తింటారు, ఒంటి మీదకు ఎన్ని జతలున్నాయి, ఇంట్లో ఏమేం సామాన్లున్నాయి, ఇలాంటివి. ప్రతి ప్రశ్నకూ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. మొత్తం నలభై. ఎంత తక్కువొస్తే అంత పేదవాడన్నమాట. జనం సున్నా కోసం పోటీపడే పరీక్ష నేను చూసింది అదొక్కటే.

"పాసు మార్కు ఎంతండీ?" అని అడిగాను.

"అదిప్పుడు కాదు మాస్టారూ. ఎంతమంది పేదవాళ్ళుండాలన్నది పైనుంచి వస్తుంది. ఫారాలన్నీ చేరాక, ఆ సంఖ్య ఎక్కడ సరిపోతే అక్కడ గీత కొడతాం," అన్నాడు వెంకటేశ్వరరావు.

పేపర్లు దిద్దేశాక పాసు మార్కు నిర్ణయించే పద్ధతి నాకు మింగుడుపడలేదు. కానీ జీతం తీసుకునేవాడికి అన్నీ మింగుడుపడక్కర్లేదు. ఆయన ఇంకో మాట గట్టిగా చెప్పాడు. వాళ్ళు చెప్పేది రాయొద్దు, అందరూ అబద్ధాలే చెప్తారు, ఇంట్లోకి వెళ్ళి కంటికి కనిపించింది మాత్రమే రాయండి అన్నాడు. ఈ మాట మాత్రం నాకు బాగా నచ్చింది.

నాకు గోదారి ఒడ్డునున్న దరియాలతిప్ప గ్రామం ఇచ్చారు. మా చర్చికి వచ్చే కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి కాబట్టి ముఖాలన్నీ తెలుసు. నేను వస్తున్నానన్న కబురు నాకంటే ముందు ఆటోలో వెళ్ళిపోయింది. ఆ వారం తిప్పలో సామాన్లకు కాళ్ళొచ్చాయి. ఫ్రిజ్‌లు చుట్టాలిళ్ళకు వెళ్ళాయి, మోటారు సైకిళ్ళు గోదావరి దాటాయి. నిన్నటిదాకా జరీ అంచు చీరల్లో తిరిగిన ఆడవాళ్ళు పాత నైటీలు వెతికి తీశారు. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. పరీక్షలో చీటీలు దాచుకునే పిల్లల్ని చూస్తే నాకు ఇలాగే ఉంటుంది.

పరీక్ష హాల్లో నాకో అలవాటుంది. నేను తనిఖీ ముందు బెంచీ నుంచి మొదలుపెట్టను, చివరి బెంచీ నుంచి మొదలుపెడతాను. ముందు బెంచీవాడి దగ్గర ఉన్న చీటీ అప్పటికి వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది, అది నేరుగా నా చేతిలో పడుతుంది. తిప్పలోనూ అదే చేశాను. అందరూ నేను రోడ్డు వైపు పెంకుటిళ్ళ నుంచి మొదలుపెడతాననుకున్నారు. నేను పొద్దున్నే తొమ్మిదింటికి గోదారి గట్టు కింద చివరి పాక ముందు సైకిలు ఆపాను.

అది జోసఫ్ పాక. జోసఫ్ ఒకప్పుడు వేటలో పేరున్న మనిషి, ఒంటి చేత్తో వల లాగేవాడు. రెండేళ్ళుగా గుండె జబ్బు. కవాటం పాడైందని, మార్చకపోతే బతకడని పాండిచ్చేరి పెద్దాసుపత్రిలో చెప్పి, జనవరి ఇరవైన ఆపరేషనుకు తేదీ కూడా ఇచ్చారు. ఎర్ర కార్డు ఉంటే పైసా ఖర్చు లేదు. అయితే పాత కార్డు చెల్లదు, ఈ సర్వే అయ్యాక ఇచ్చే కొత్త కార్డు తేవాలి. ఈ సంగతి మా చర్చిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. జోసఫ్ కోసం చేసిన ప్రార్థనలో నేనూ మోకాళ్ళ మీద ఉన్నాను.

అతని భార్య దీనమ్మ నన్ను చూసి గతుక్కుమంది.

"ఆయ్ మాస్టారండి, మీరు మధ్యాన్నం కదండీ వత్తానన్నారు, ఇటేపు?"

"నేనెవరికీ చెప్పలేదే," అన్నాను లోపలికి వంగి అడుగుపెడుతూ.

పాకలో ఒకటే గది. ఒక మూల నులక మంచం మీద జోసఫ్, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు, పడుకుంటే ఊపిరాడదు. రెండో మూల ఏదో ఎత్తుగా ఉంది, పైన దీనమ్మ పాత చీర కప్పి ఉంది. చీర తీశాను. ఇరవై ఒక్క అంగుళాల కలర్ టీవీ. దాని పక్కన మిక్సీ, స్టాండు ఫ్యాను, సిలిండరుతో సహా గ్యాస్ పొయ్యి. పైకి చూశాను. ఆ పాకకు కరెంటు తీగే లేదు. మేకుకు కిరసనాయిలు దీపం వేలాడుతోంది.

"ఇవెవరివి దీనమ్మా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు వైపు చూసింది. నాకు అప్పటికే అర్థమైపోయింది. దీనమ్మ రోడ్డు వైపు పెంకుటింట్లో, రామకృష్ణగారి భార్య కామేశ్వరి దగ్గర అంట్లు తోముతుంది, బట్టలుతుకుతుంది. వాళ్ళు తూర్పుగోదావరి నుంచి రొయ్యల చెరువుల కోసం వచ్చి స్థిరపడినవాళ్ళు. చెరువులు బావమరిది పేర, ఇల్లు అద్దెదన్న పేర, ఎర్ర కార్డు మాత్రం కామేశ్వరి పేర. నేను ముందు వాళ్ళింటికి వచ్చి వెళ్ళిపోగానే సామాన్లు వెనక్కి తెచ్చుకోవాలన్నది వాళ్ళ ఆలోచన. చివరి బెంచీ సంగతి వాళ్ళకు తెలియదు.

మంచం మీంచి జోసఫ్ కళ్ళు తెరిచాడు.

"సెప్పవే. మనయి కాదని సెప్పు. మాస్టారు మనోడే కదా," అన్నాడు. ఆ రెండు మాటలకే ఆయాసపడ్డాడు.

"కామేశ్వరమ్మగారియ్యండి," అంది దీనమ్మ మెల్లగా. "రాత్రి తెచ్చి పెట్టేరండి. ఒక్క పూటే కదా అన్నారండి. కాదంటే పనిలోంచి తీసేత్తారండి."

నేను న్యాయమైన మనిషిని. కనీసం ఆ రోజుకి అలాగే అనుకున్నాను. అనుమానం ఉన్న పేపరు పక్కన పెట్టి రెండోవాడి పేపరు కూడా చూడాలి కదా. దీనమ్మను వెంటబెట్టుకుని కామేశ్వరి ఇంటికి నడిచాను.

కామేశ్వరి గుమ్మంలోనే ఎదురైంది. మెడలో పసుపుతాడు తప్ప ఇంకేమీ లేదు, చెవులు కూడా బోసిగా ఉన్నాయి. ఇల్లంతా ఊడ్చిపెట్టినట్టుంది. బల్ల మీద టీవీ ఉండే చోట నలుచదరంగా దుమ్ము లేదు. గోడలోంచి కేబుల్ వైరు వేలాడుతోంది. ఆ మార్చిలో ప్రపంచ కప్పు ఫైనలు ఆ బల్ల ముందే, ఆ టీవీలోనే చూశాను. వాళ్ళబ్బాయికి నేనే ట్యూషన్ చెప్తాను, అందుకని పిలిచారు. మనవాళ్ళు ఓడిపోతే రామకృష్ణగారు పెట్టిన పకోడీలు కూడా సయించలేదు.

"కామేశ్వరిగారూ, దీనమ్మ ఇంట్లో ఉన్న టీవీ, మిక్సీ, ఫ్యాను, గ్యాస్ పొయ్యి మీవేనా?"

కామేశ్వరి ఒకసారి నా వైపు, ఒకసారి నా చేతిలో ఫారాల వైపు చూసింది. దీనమ్మ వైపు చూడలేదు.

"అయ్యబాబోయ్, మాకు టీవీ ఎక్కడిదండీ మాస్టారూ? మాకు తిండికే గడవట్లేదండి. వాళ్ళాయన వేటకెళ్ళే రోజుల్లో బాగా సంపాదించేడండి, అప్పుడు కొనుక్కునుంటారు."

"అమ్మగారండీ!" అంది దీనమ్మ.

"నువ్వూరుకో దీనమ్మా. మా మీద పెట్టకు, మేం నీకేం అన్యాయం చేసేం?" అంది కామేశ్వరి. లోపల గదిలో రామకృష్ణగారు దగ్గిన చప్పుడు వినిపించింది. ఆయన బయటకు రాలేదు.

కాపీ కొట్టలేదని బుకాయించే పిల్లాడి చేత నేను కాగితం మీద రాయించి సంతకం పెట్టిస్తాను. తరవాత మాట మార్చకుండా ఉంటాడని. కామేశ్వరి చేత కూడా అలాగే రాయించాను. దీనమ్మ ఇంట్లో ఉన్న ఫలానా నాలుగు వస్తువులు మావి కావు, వాటితో మాకు సంబంధం లేదు అని నా నోట్‌బుక్కు కాగితం మీద ఆవిడ చేతిరాతతో, తేదీ వేసి, సంతకంతో. ఆవిడ చకచకా రాసిచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నా జాగ్రత్తకు నేనే మెచ్చుకున్నాను కూడా.

తిరిగి పాక దగ్గరకు వచ్చి గుమ్మంలో కూర్చుని ఫారం నింపాను. భూమి లేదు, సున్నా. తాటాకు పాక, సున్నా. మరుగుదొడ్డి లేదు, అప్పులున్నాయి, ఇంకో రెండు సున్నాలు. దీనమ్మ అయిదో తరగతి దాకా చదివింది, దానికి రెండు. తిండికి ఒకటి, బట్టలకు ఒకటి, పనికి ఒకటి. పిల్లలు పనికి వెళ్తున్నారా అన్నది ఎనిమిదో ప్రశ్న. వాళ్ళకు పిల్లల్లేరు. పుట్టిన ఒక్క పిల్లా పురిట్లోనే పోయింది. లేని పిల్లలు పనికి వెళ్ళరు కాబట్టి, నిబంధన ప్రకారం నాలుగుకు నాలుగు పడ్డాయి. అక్కడికి తొమ్మిది. ఇక మిగిలింది సామాన్ల గడి. టీవీకి ఒకటి, మిక్సీకి ఒకటి, ఫ్యానుకు ఒకటి, గ్యాస్ పొయ్యికి ఒకటి.

"మాస్టారండీ," దీనమ్మ నా పెన్ను వైపే చూస్తోంది. "కరెంటు లేని కొంపలో టీవీ ఏం చేసుకుంటామండీ? మీకు తెలుసు కదండీ అయ్యెవరియ్యో."

"తెలుసు. నాకు తెలిసింది రాయడానికి ఇందులో గడి లేదు," అన్నాను.

అని నాలుగు వేశాను. మొత్తం పదమూడు. సిగ్గుపడ్డాను, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ సిగ్గు నాకు దీనమ్మ మీద కోపంగా మారింది. తెచ్చి పెడుతుంటే ఎందుకు పెట్టనిచ్చింది? నోరు లేదా? నా చేత ఇలాంటి పని ఎందుకు చేయిస్తోంది? అలా తిట్టుకుంటూ రోడ్డు వైపు ఇళ్ళకు వెళ్ళాను. కామేశ్వరి ఇంట్లో కంటికి ఏమీ కనిపించలేదు కాబట్టి సామాన్లకు సున్నా వేశాను. వేలాడే కేబుల్ వైరుకు గడి లేదు. ఆవిడకు మొత్తం పదకొండు వచ్చాయి.

సామాన్లు మాత్రం ఆ సాయంత్రం వెనక్కి వెళ్ళలేదు. పై నుంచి మళ్ళీ తనిఖీకి వస్తారని పుకారు పుట్టింది. జాబితా వచ్చి, అభ్యంతరాల గడువు కూడా ముగిసేదాకా అవి అక్కడే ఉండటం మంచిదని కామేశ్వరి అనుకుంది. దీనమ్మ ఆ రెండు నెలలూ ఆ టీవీ మీద కప్పిన చీర కట్టుకోలేదు. తడిస్తే తన మెడకు చుట్టుకుంటుందని వాన పడ్డప్పుడు జోసఫ్ దుప్పటి కూడా తీసి దాని మీదే కప్పిందట.

డిసెంబరు ఇరవైన జాబితా అతికించారు. గీత పన్నెండు దగ్గర కొట్టారు. కామేశ్వరి గీతకు కింద ఉంది, దీనమ్మ ఒక్క మార్కుతో పైన ఉంది. అంటే దీనమ్మ పేదది కాదు. అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువు.

మర్నాడే దీనమ్మ బడి దగ్గరకు వచ్చింది. అర్జీ నేనే రాసిపెట్టాను, అందులో నాకు మొహమాటం లేదు. వారం తిరిగేసరికి వెంకటేశ్వరరావు నన్ను పిలిచాడు.

"ఈ ఫారం సరైనదేనా మాస్టారూ?"

"కంటికి కనిపించిందే రాశానండి. కానీ సామాన్లు వాళ్ళవి కావు. వాటి అసలు యజమానురాలు తనవి కావని రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉంది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఫారంతో జతచేశారా?"

"లేదండి."

"అయితే ఆ కాగితం లేనట్టే. గొడవ ఉందని తెలిసి, పైకి చెప్పకుండా మార్కులు వేసేశారని ఎవరైనా అంటే ముందు మీకే మెమో వస్తుంది. తరవాత మీ ఫారాలన్నీ మళ్ళీ చేయమంటారు. మీకు హెడ్మాస్టరు ప్రమోషన్ ఫైలు నడుస్తోంది కదా?"

ఆ ఫైలు కోసం ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. అర్జీ కింద 'ఫారం సరైనదే' అని రాసి సంతకం పెట్టాను. జనవరి రెండున అర్జీ కొట్టేశారు.

ఆ మధ్యాహ్నమే దీనమ్మ మళ్ళీ వచ్చింది. పదో తరగతి పిల్లలు తలుపులోంచి తొంగిచూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"కొట్టేసేరంటండి," అంది.

"తెలుసు. నేనేం చెయ్యను?"

"కార్డు లేకపోతే ముందుగా అయిదు వేలు కట్టమన్నారండి ఆసుపత్రిలో. కడితే తేదీ ఉంచుతారంటండి. మిగతాది అక్కడికెళ్ళాక డాక్టరుగారి కాళ్ళు పట్టుకుంటానండి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ సామాన్లు మాయే అని రాసేరు కదండీ మాస్టారూ. కామేశ్వరమ్మగారు మాయి కావని సంతకం కూడా పెట్టేరు. అంటే ఇప్పుడయ్యి నాయేనాండీ?"

వదిలించుకోవాలన్న తొందరలో, ఆ ప్రశ్న నన్ను దెప్పడానికే అడిగిందనుకుని, వెటకారంగా అన్నాను.

"నీవే తల్లీ. సర్కారు కాగితం మీదే ఉందిగా. వెళ్ళి ఊరేగించుకో."

దీనమ్మ దెప్పడానికి అడగలేదు. చదువుకున్నవాడిని, చర్చిలో పెద్దమనిషిని, లెక్కల్లో తప్పు చెయ్యడని పేరున్నవాడిని అడిగింది. మాస్టారు నీవే అన్నారు కాబట్టి తనవే అని నమ్మింది. మర్నాడు పట్టపగలు రిక్షాలో నాలుగు సామాన్లూ వేయించుకుని, కామేశ్వరి ఇంటి ముందునుంచే యానాం తీసుకెళ్ళి, పాత సామాన్ల కొట్టులో ఆరువేల రెండు వందలకు అమ్మేసింది. దొంగతనం చేసేవాళ్ళు ఆ దారిన వెళ్ళరు. ఆ రోజు కామేశ్వరి, రామకృష్ణగారు ఆవిడ తమ్ముడింట్లో బారసాలకు వెళ్ళారు. లేకపోతే వీధిలోనే ఆపేవారు.

ఆరో తేదీన గడువు ముగిసిందని కామేశ్వరి సామాన్ల కోసం మనిషిని పంపింది. ఎనిమిదిన నన్ను పోలీసు స్టేషనుకు రమ్మన్నారు.

స్టేషన్‌లో దీనమ్మ గోడ వార నేల మీద కూర్చుని ఉంది. బెంచీ మీద కామేశ్వరి, రామకృష్ణగారు. బల్ల మీద టీవీ కొన్న బిల్లు, రామకృష్ణగారి పేరుతో. దీనమ్మ దగ్గర దొరికిన డబ్బు, రైలు టికెట్లు రెండు, ఒక కవర్లో పెట్టి ఉన్నాయి. నమ్మి ఇంట్లో పెట్టిన సొత్తు అమ్ముకు తినేసిందని కేసు. సబిన్‌స్పెక్టరు కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"సర్వే ఫారంలో ఈ టీవీ ఈ మనిషిదని ఉందంట కదండీ. ఆఫీసుకు ఫోను చేశాను. సర్వే రోజున ఇంట్లో ఏముందన్నదే వాళ్ళకు కావాలంట, ఎవరిదన్నది వాళ్ళకు అక్కర్లేదంట. కాబట్టి ఫారమూ తప్పు కాదు, కేసూ తప్పు కాదు. మీరు ఒక్కటి చెప్పండి చాలు. ఈ టీవీ రామకృష్ణగారి ఇంట్లో ఇంతకుముందు చూశారా?"

"చూశాను. పోయిన మార్చిలో," అన్నాను.

ఈ వ్యవహారమంతటిలో నేను చెప్పిన మొదటి పూర్తి నిజం అది. సబిన్‌స్పెక్టరు దాన్ని రాసుకున్నాడు. కామేశ్వరి నా వైపు కృతజ్ఞతగా చూసింది. అప్పుడు దీనమ్మ లేచి నిలబడింది.

"బాబూ, అమ్మగారు మాయి కావని ఆరోజు రాసిచ్చేరండి. సంతకం పెట్టేరండి. మాస్టారే రాయించేరు, ఆ కాగితం మాస్టారి దగ్గరే ఉందండి. మాస్టారే నాయని చెప్పేరండి. అడగండి బాబూ."

 కామేశ్వరి ముఖం పాలిపోయింది. ఆ కాగితం నా చొక్కా జేబులో, డైరీలో ఉంది. గుండెకు ఆనుకుని ఉంది, దాని మడత నాకు తెలుస్తోంది. తీస్తే దీనమ్మ అక్కణ్ణించి ఇంటికి వెళ్ళిపోతుంది. కామేశ్వరి కార్డు పోతుంది. నేను తెలిసి తెలిసి తప్పుడు మార్కులు వేశానని నా చేత్తో నేనే రుజువు చేసినట్టవుతుంది. ప్రమోషన్ ఫైలు అప్పటికి ఆఖరి బల్ల మీద ఉంది.

"ఉందాండీ అలాంటి కాగితం?" అన్నాడు సబిన్‌స్పెక్టరు.

"లేదు," అన్నాను. "ఆవిడ ఏదో పొరపడుతోంది."

దీనమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నా ముఖంలోకి చూసింది, బోర్డు మీది లెక్క అర్థంకాని పిల్ల చూసినట్టు. తరవాత కూర్చుంది.

తొమ్మిది రోజులు జైల్లో ఉంచారు. పాస్టరుగారు జామీను ఉండి పదిహేడున విడిపించారు. తేదీకి ఇంకా మూడు రోజులుంది గానీ, డబ్బూ టికెట్లూ కేసులో ఇరుక్కున్నాయి. అదీగాక, జోసఫ్ రానన్నాడట. ఆ తొమ్మిది రోజులూ అతనికి చుట్టుపక్కలవాళ్ళు గంజి పోశారు, గంజితోపాటు కబుర్లు కూడా పోశారు. దీనమ్మ ఇంటికొచ్చిన ఇరవై రోజులకు అతను పోయాడు. సమాధుల దొడ్డిలో పాట పాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. మార్చిలో నాకు హెడ్మాస్టరుగా ఆర్డరు వచ్చింది.

ఆర్డరు వచ్చిన వారంలోనే ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి వాలుకుర్చీలో కూర్చున్నాను. వీధి గుమ్మంలో దీనమ్మ. బాగా చిక్కిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"విధవ పింఛను కోసమా? దానికీ ఎర్ర కార్డు అడుగుతారు దీనమ్మా. అయినా రాసిపెడతాను," అన్నాను గబగబా. ఏదో ఒకటి రాసిపెడితే నా బరువు కాస్త తగ్గుతుందనిపించింది.

"పింఛను కోసం కాదండి. ఒక్క మాట అడుగుదామనొచ్చేనండి. ఎవరికీ చెప్పనండి, కోర్టులో కూడా చెప్పను. ఆ కాగితం ఉందాండీ, లేదాండీ?"

వీధిలో ఎవరూ లేరు. ఆమె ముఖంలో కోపం కూడా లేదు.

"ఉంది," అన్నాను. "స్టేషన్‌లో ఆరోజు జేబులోనే ఉంది. తరవాత కాల్చేశాను."

దీనమ్మ కళ్ళు మూసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది.

"నాకే మతి పోయిందేమో అనుకున్నానండి. ఆయన నమ్మలేదండి మాస్టారూ. కాగితం ఉందే అంటే, మాస్టారు అబద్ధమాడతారా, నువ్వు నా కోసం దొంగతనం చేసేవు, ఒప్పుకో అన్నారండి. పోయేదాకా నా చేతి ముద్ద తినలేదండి. పక్కింటోళ్ళు పెడితేనే తిన్నారు. ఆఖర్రోజు కూడా, దీనమ్మా, నిజం చెప్పు, ఏసయ్య క్షమిస్తాడు అన్నారండి. నేను నిజమే చెప్పేనండి. గోడకేసి తిరిగిపోయేరు."

వాలుకుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాను.

"పోలీసుల దగ్గర చెప్పలేకపోయేరు, ఉద్యోగం కదండీ, నాకు తెలుసండి," అంది. "కానీ ఆయన ఇరవై రోజులు బతికేరండి. ఒక్కసారొచ్చి ఆయన చెవిలో చెప్పి ఎల్లిపోవాల్సింది మాస్టారూ. ఎవరికీ తెలిసేది కాదు."

వెళ్ళొస్తానండి అని చెప్పి గుమ్మం దిగింది. మా ఇంటి నుంచి వాళ్ళ పాకకు సైకిలు మీద పది నిమిషాలు. ఆ ఇరవై రోజుల్లో ఆ దారిన నేను నాలుగుసార్లు వెళ్ళాను, కామేశ్వరి కొడుక్కి ట్యూషన్ చెప్పడానికి. ఆ పాకలోకి వెళ్ళి ఒక్క మాట చెప్పి రావచ్చని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.